గీతల మీద అడుగులు

అనగనగా ఒక అడవి. ఆగండి, ఒకటి కాదు, రెండు అడవులు. ఒకటి నీళ్ళ పైన, ఒకటి నీళ్ళ కింద.

నీళ్ళ కింద అడవేమిటని నవ్వకండి. అదీ ఒకప్పుడు మామూలు అడవే. అక్కడా చెట్లు కాయలు కాసేవి. అక్కడా పిల్లలు మీలాగే పిలిస్తే పలికేవారు కాదు. ఒక ఏడాది ఏరు దిగువన కొండచరియ విరిగిపడి నీటికి దారి మూసుకుపోయింది. దారి లేని నీళ్ళు వెనక్కి మళ్ళాయి. అవి ఉరుకుతూ రాలేదు, చప్పుడు చేయలేదు. ఒకరోజు గడ్డి తడిసింది. ఇంకోరోజు పొదలు మునిగాయి. చివరికి చెట్ల కొసలు మాత్రం నీటి పైన మిగిలాయి. ఆకులన్నీ రాలిపోయి, ఆ కొసలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద ఏ పిట్టా వాలదు.

నీళ్ళ పైన ఉన్న అడవి పేరు పాలకోన. ఆ కోనకీ ఆ నీళ్ళకీ మధ్య ఒక బోడిదిబ్బ ఉంది. ఒకరోజు తెల్లారి కోనలోవాళ్ళు లేచి చూసేసరికి, పొగమంచులో ఆ దిబ్బ నిండా జంతువులు కూర్చుని ఉన్నాయి. ఎప్పుడొచ్చాయో, ఎలా వచ్చాయో చూసినవాళ్ళు లేరు. దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, కౌజుపిట్టలు, అన్నీ నీళ్ళవైపే తిరిగి కూర్చున్నాయి. కోనకి కనిపించేవి వాటి వీపులే.

కోనకి పెద్ద బూరయ్య అనే ముసలి ఎలుగుబంటి. ఆయన దిబ్బ కిందకు వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు మీరు?" అన్నాడు.

"మునిగిన అడవి వాళ్ళం," అంది ఒక ముసలి ముళ్ళపంది. అందరూ ఆమెను ముళ్ళవ్వ అంటారట. ఆమె వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పింది.

బూరయ్యకి చిర్రెత్తుకొచ్చింది. పెద్దవాడు మాట్లాడుతుంటే వీపు చూపిస్తారా! అయినా జాలిపడ్డాడు. "నీళ్ళు తీసేదాకా ఈ దిబ్బ మీద ఉండండి. రాలిన పళ్ళు తెచ్చి పెడతాం. కోనలోకి మాత్రం రాకూడదు," అన్నాడు. దిబ్బకీ కోనకీ మధ్య రేగుకంపతో కంచె వేయించాడు. పళ్ళు తీసుకెళ్ళడానికి ఒక సందు వదిలాడు.

నీళ్ళు తీయలేదు. మొదట్లో గంపలకొద్దీ పోయిన పళ్ళు, రానురాను దోసెడయ్యాయి. తర్వాత ఎవరికి గుర్తుంటే వాళ్ళు తీసుకెళ్ళేవారు. మీ అందరికీ తెలుసుగా, ఎవరికి గుర్తుంటే వాళ్ళు చేసే పని ఎవరికీ గుర్తుండదు. దిబ్బ మీది గడ్డి వేర్లతో సహా అయిపోయింది. అక్కడివాళ్ళు అడగలేదు, అరవలేదు. నీళ్ళవైపు చూస్తూ కూర్చునే ఉన్నారు.

"వాళ్ళకి ముఖాలున్నాయంటావా?" అని కోనలో పిల్లలు గుసగుసలాడుకునేవారు.

పాలకోనలో రేలమ్మ అనే చుక్కల దుప్పి ఉండేది. రేల చెట్టు పక్కన పొదలో కాపురం. ఆమెకి గోగు అని ఒకే ఒక్క పిల్ల. నిరుడు పుట్టిన బిడ్డ జ్వరం తగిలి పోయింది. అందుకే గోగు తుమ్మితే చాలు రేలమ్మ గుండె గుబేలుమనేది.

ఆ కోనలో ఒక నమ్మకం ఉంది. ఇంట్లోవాళ్ళు ఎవరూ కదలకుండా, గడపలోంచి అడుగులు బయటికి పోయినట్టు కనిపిస్తే, ఆ ఇంట్లో ఒక ప్రాణం పోతుందట. "అడుగు ముందు, ప్రాణం వెనక," అని అనుకునేవారు. నిరుడు బిడ్డ పోయే ముందు రోజు రేలమ్మ అలాంటి అడుగులు చూసింది. చూశాననే ఇప్పటికీ అంటుంది. కడుపుకోత పడ్డ తల్లితో ఎవరు వాదిస్తారు చెప్పండి.

వానాకాలం ముంగిట ఒక పొద్దున కుందేలు సోమప్ప ఇంటి ముందు గోల మొదలైంది. సోమప్ప పొద దగ్గర నుంచి కుందేలు అడుగులు బయలుదేరి, ఇసుక మీదుగా, కంచె సందులోంచి దిబ్బవైపు పోయాయి. వెళ్ళిన అడుగులే గానీ వచ్చిన అడుగులు లేవు. బూరయ్య కోనలో అందరినీ పిలిచి చూశాడు. ఎవరూ తగ్గలేదు. మరి నడిచి వెళ్ళింది ఎవరు?

సోమప్ప చెవులు వేలాడేసుకుని, "నాకేం తెలీదు, నాకేం తెలీదు," అన్నాడు. అడగకముందే రెండుసార్లు అన్నాడు.

ఇంకో పొద్దున బూరయ్య గుహ ముందే అడుగులు కనిపించాయి. ఈసారి ముళ్ళపంది అడుగులు, చిన్నవి. పక్కనే ముళ్ళు నేల మీద ఈడ్చిన గీతలు. గుహలోంచి తిన్నగా దిబ్బవైపు.

"ఇదేం విడ్డూరం!" అన్నాడు సోమప్ప వంగి చూస్తూ. "ముళ్ళపంది నడిస్తే ముళ్ళు వెనక ఈడుస్తాయి. అడుగుల మీద గీతలు పడాలి. ఇక్కడ గీతల మీద అడుగులు పడ్డాయి."

"గీతలు పైనైతే ఏంటి, కిందైతే ఏంటి!" అని బూరయ్య కసురుకున్నాడు. ఆయనకీ భయం పట్టుకుంది. ఆయన గడప కూడా గడపే కదా.

కాపలాకి తీతువు పిట్ట చింతాలుని కంచె దగ్గర బండ మీద కూర్చోబెట్టారు. తీతువు కూస్తే చెడు అంటారు గానీ, పాపం అది కీడు వచ్చేముందు చెప్పే పిట్ట. ఏది కదిలినా కోనంతా మోగేలా అరుస్తుంది. చింతాలు ప్రతి పొద్దునా అదే మాట చెప్పేది. "కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. అవతలి నుంచి ఎవరూ రాలేదు. పురుగు కూడా రాలేదు."

ఇంకో సంగతి అందరినీ వణికించింది. అడుగులన్నీ దిబ్బవైపే పోతున్నాయి. కానీ దిబ్బ మీద వీపులు తగ్గుతున్నాయి. పోయినవన్నీ దిబ్బ మీద ఉండాలిగా? లేవు. ఉన్నవి కూడా కరిగిపోతున్నాయి. మరి అందరూ ఎక్కడికి పోతున్నట్టు? కోనలోవాళ్ళు ఆ ప్రశ్న వేసుకుని, నీళ్ళవైపు చూసి, చప్పున తలలు తిప్పుకునేవారు.

మూడోసారి అడుగులు రేలమ్మ పొద ముందు కనిపించాయి.

చిన్న చిన్న గిట్టలు. రేలమ్మ గోగుని లాక్కొచ్చి, దాని కాలు ఆ గుర్తులో పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. ఆమె అక్కడే కూలబడింది.

"అమ్మా, నేను ఎక్కడికీ వెళ్ళలేదు," అంది గోగు.

"తెలుసమ్మా," అంది రేలమ్మ. "అదే నా భయం."

ఆ రోజు నుంచి రేలమ్మ గోగుని పొద దాటనివ్వలేదు. పొద్దు వాలగానే పాలిచ్చి పక్కలో పడుకోబెట్టుకునేది. గోగు తాగేది, కడుపు నిండి ముడుచుకుని నిద్రపోయేది. అప్పుడు వెలుగు ఇంకా పూర్తిగా పోదు. నీళ్ళవైపు నుంచి మంచు పాకుతూ వచ్చి పొద నిండిపోయేది. ఆ మంచులో, కాసేపటికి, వెనక నుంచి మళ్ళీ ఒక మూతి వచ్చి ఆమె పొదుగు పట్టుకునేది.

మొదటి సాయంత్రం రేలమ్మ, గోగుకి ఆకలి తీరలేదు కాబోలు అనుకుంది. నాకబోయి ఆగిపోయింది. గోగు ఆమె ముందే పడుకుని ఉంది. గురక కూడా వినిపిస్తోంది.

వెనక తాగుతున్నది చప్పుడు చేయడం లేదు. దాని నుంచి నిలవ నీటి వాసన, పాచి వాసన వస్తోంది. రేలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇది నా గోగు చావే, అనుకుంది. పాలు తాగి బలం తెచ్చుకుని నా బిడ్డని తీసుకుపోవడానికి వచ్చింది. తన్నబోయింది, కాలు లేవలేదు. అరవబోయింది, నోరు పెగల్లేదు. అది తాగినంతా తాగి వెళ్ళిపోయింది.

మర్నాటి సాయంత్రమూ వచ్చింది. ఆ పై సాయంత్రం రేలమ్మ తెగించింది. పోయేది ఎలాగూ పోతుంది, దాని ముఖమైనా చూస్తాను అనుకుంది. మూతి పొదుగుని తాకగానే గిరుక్కున తిరిగింది.

మంచులో ఒక దుప్పి పిల్ల నిలబడి ఉంది. గోగు అంతే ఎత్తు, అవే చుక్కలు. కానీ ఈలోపే అది కూడా తిరిగిపోయి, రేలమ్మకి వీపు పెట్టి, నీళ్ళవైపు చూస్తూ నిలబడింది. వణుకుతోంది గానీ పారిపోవడం లేదు.

"నువ్వు నా బిడ్డ చావువా?" అంది రేలమ్మ.

"కాదత్తా. నేను తుంగిని."

"అయితే నీ ముఖమేది? ఇటు తిరుగు!"

ఆ మాట అన్నదో లేదో, పిల్ల చప్పున తిరిగింది. దానికి ముఖం ఉంది. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకున్న మామూలు పిల్ల ముఖం. వచ్చి రేలమ్మ మెడకి మెడ ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"తిరగమన్నావు కదత్తా! నిజంగానే అన్నావు కదా!"

రేలమ్మకి ఏమీ అర్థం కాలేదు. పిల్లని నాకుతూ, మెల్లగా అడిగింది. అప్పుడు తుంగి చెప్పింది.

మునిగిన అడవిలో ఒక ఆచారం ఉంది. ఇల్లు వదిలి ఇంకో చోటికి వెళ్ళేవాళ్ళు, కాపురానికి వెళ్ళే పిల్లైనా సరే, వెనక్కి నడిచే వెళ్ళాలి. వదిలొచ్చిన చోటికి వీపు చూపిస్తే ఆ చోటు మనల్ని మరిచిపోతుందట. అలా నడిచి వెళ్ళి కొత్తచోట నిలబడాలి. అక్కడివాళ్ళు "ఇటు తిరుగు" అని పిలవాలి. పిలిచాకే తిరగాలి. తిరిగాక అదే ఇల్లు.

"దిబ్బ మీద అమ్మకి పాలు ఎండిపోయాయి," అంది తుంగి. "మీ ఎలుగు తాత దిబ్బ మీద ఉండమన్నాడే గానీ ఇటు తిరగమనలేదు. అందుకే అందరూ అలా కూర్చుని ఉన్నారు. ఆకలికి ఆగలేక పిల్లలం వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాం, పగలు పొదల్లో దాక్కుంటున్నాం. ముళ్ళవ్వ మనవడు బుడ్డడు కూడా వచ్చాడు."

వెళ్ళిన అడుగులు ఎవరివో రేలమ్మకి అప్పుడు తెలిసింది. అవి వెళ్ళిన అడుగులు కావు, వచ్చిన అడుగులు.

పిల్లలూ, ఆ క్షణంలో రేలమ్మ గుండె మీది బండ దిగిపోయింది. గోగుకి ఏమీ కాదు! కానీ వెంటనే ఇంకో బండ వచ్చి కూర్చుంది. ఈ మాట బయట చెబితే బూరయ్య ఏమంటాడు? కోనలోకి రాకూడదని కదా ఆయన మాట. తుంగిని మళ్ళీ ఆ బోడిదిబ్బ మీదకి తోలేస్తాడు. దాచుకున్నందుకు తననీ గోగునీ కూడా వెళ్ళగొడతాడేమో. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదులే, రెండు రోజులు పోతే అందరూ మరిచిపోతారు, అనుకుంది. అదిగో, ఆ "ఏమీ కాదులే" అన్న మాట ఉంది చూశారూ, కొంపలు ముంచేది అదే.

మర్నాడు బూరయ్య అందరినీ కంచె దగ్గరికి పిలిచాడు. ఎగువన ఎక్కడో వానలు పడుతున్నట్టున్నాయి. నీళ్ళు బురద రంగు తిరిగాయి. దిబ్బ చుట్టూ మంచు ముద్దగా పేరుకుని ఉంది.

"వాళ్ళు బతికున్నవాళ్ళు కారు," అన్నాడు బూరయ్య. "నీళ్ళలో పోయినవాళ్ళే వచ్చి కూర్చున్నారు. మన ప్రాణాలని ఒక్కొక్కటే పిలుచుకుంటున్నారు. ఈ సందు మూసేద్దాం. అడుగులకి దారి లేకపోతే ప్రాణాలకీ ఉండదు."

"వాళ్ళకి పళ్ళు ఎలా వెళ్తాయి తాతా?" అంది గోగు.

"తా దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు ఉంది మన బతుకు. నువ్వు మాట్లాడకు," అన్నాడు బూరయ్య.

రేలమ్మ నాలుక చివర దాకా వచ్చింది మాట. చుట్టూ చూసింది. సోమప్ప నేల చూపులు చూస్తున్నాడు. చింతాలు మాత్రం అందరికంటే గట్టిగా, "మూసేయండి, మూసేయండి," అని అరుస్తోంది. రేలమ్మ మాట మింగేసింది. అంతటితో ఆగలేదు. తానూ ఒక రేగుకంప నోట కరుచుకుని తెచ్చి సందులో పడేసింది.

సందు సగం మూసుకున్నాక అవతల గరగరమని చప్పుడైంది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. మంచు కొంచెం విడింది. కంపకి అవతల, మూరెడు దూరంలో, ముళ్ళవ్వ నిలబడి ఉంది. ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె వీపు కోనవైపు, ముఖం నీళ్ళవైపు. ముళ్ళ మీద మంచు బొట్లు మెరుస్తున్నాయి. కదలదు, పలకదు. నిలబడింది, అంతే.

"చూడకండి!" అన్నాడు బూరయ్య గొంతు తగ్గించి. "చూస్తే పట్టుకుంటుంది."

అందరూ కళ్ళు మూసుకున్నారు. రేలమ్మ మూసుకోలేదు. అందరిలోకీ ఆమే దగ్గరగా ఉంది. ఆ ముసలామె దేనికోసం నిలబడిందో అక్కడ తెలిసింది ఆమెకే. రెండు మాటలు. ఇటు తిరుగు. అరవక్కర్లేదు, ఊపిరి వదిలినట్టు అంటే చాలు, వినిపిస్తుంది. రేలమ్మ నోరు తెరిచింది. బూరయ్య ఆమెవైపు చూశాడు. నోరు మూసుకుంది.

ముళ్ళవ్వ చాలాసేపు నిలబడింది. తర్వాత మంచు మళ్ళీ మూసుకుంది. వీళ్ళు మిగిలిన కంప కూడా వేసేశారు.

రేలమ్మ పొదకి వచ్చేసరికి తుంగి చెవులు రిక్కించి కూర్చుంది.

"అత్తా, కంచె దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"మీ ముళ్ళవ్వ వచ్చింది."

తుంగి ముఖం వెలిగిపోయింది. "నీళ్ళు దిబ్బ ఎక్కేలా ఉంటే ముందు అవ్వ వచ్చి అడుగుతానంది. నువ్వు ఇటు తిరగమన్నావు కదత్తా?"

ఆ పిల్ల ఇంకా ఆమె ముఖంలోకే చూస్తోంది. అది ఇంకా నమ్ముతోంది. రేలమ్మకి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డ చావు వచ్చిందనుకుని గజగజ వణికాను. ఇప్పుడు నేనే పదిమందిని చావు ముందు కూర్చోబెట్టి తలుపేసి వచ్చాను, అనుకుంది.

పొద్దు ఇంకా వాలలేదు. రేలమ్మ పరుగెత్తింది. కంచె దగ్గరికి వెళ్ళి కంప పట్టి లాగడం మొదలుపెట్టింది. ముళ్ళు మూతికి గుచ్చుకున్నాయి. రక్తం కారింది. లాగుతూనే ఉంది.

పక్కన ఏదో కదిలింది. చూస్తే సోమప్ప. ఆపడానికి వచ్చాడనుకుంది. అతను మాట్లాడకుండా కంప రెండో కొస పట్టుకుని లాగాడు.

"నీకెలా తెలుసు?" అంది రేలమ్మ.

"మా పొదలో కూడా ఒకడున్నాడు వదినా," అన్నాడు సోమప్ప. "మొదటి రోజు నుంచీ ఉన్నాడు. చెబితే మీరంతా తరిమేస్తారని చెప్పలేదు."

పైనుంచి రెక్కల చప్పుడైంది. చింతాలు వాలింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. అరిచిందంటే కోనంతా లేస్తుంది.

"అరవనులే అక్కా," అంది చింతాలు తల దించుకుని. "నా గూట్లో వాళ్ళ కౌజుపిట్ట పిల్ల ఉంది. నా గూటి వైపు ఎవరూ చూడకూడదనే అంత గట్టిగా అరిచేదాన్ని."

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకరికొకరు భయపడి, ఒకే సంగతిని మూడు చోట్ల దాచుకున్నారు! అందులో ఒక్కరు నోరు విప్పి ఉంటే మధ్యాహ్నం ఆ సందు మూసుకునేది కాదు. నాకు వాళ్ళ మీద కోపం వస్తుంది పిల్లలూ. జాలి కూడా వస్తుంది.

చప్పుడు విని బూరయ్య రానే వచ్చాడు. "ఎవడ్రా కంప తీస్తున్నది!" అని ఉరిమాడు.

ఈసారి రేలమ్మ నోరు మూసుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. తుంగి సంగతీ, వెనక్కి నడిచే ఆచారమూ, ముళ్ళవ్వ దేనికోసం నిలబడిందో అదీ చెప్పింది. బూరయ్య నమ్మలేదు.

"నీ గుహ లోపలికంటా వెళ్ళి చూసుకో తాతా," అంది రేలమ్మ.

బూరయ్య వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆయన నడక మారిపోయింది. ఆయన వెనకే ఒక చిన్న ముళ్ళపంది పిల్ల, వీపు ముందుకు పెట్టుకుని, తప్పటడుగులు వేసుకుంటూ వస్తోంది. వాడే బుడ్డడు.

"ఈ మధ్య పడుకుంటే నడుము దగ్గర వెచ్చగా ఉండేది," అన్నాడు బూరయ్య. "ముసలితనం అనుకున్నాను."

"వాడిని తిరగమన్నావా తాతా?" అంది రేలమ్మ.

బూరయ్య వంగి, "ఇటు తిరుగు నాయనా," అన్నాడు. బుడ్డడు తిరిగి, ఆయన కాలు పట్టుకున్నాడు.

ఆ పైన బూరయ్య ఎవరి సాయమూ అడగలేదు. రెండు చేతులతో కంచెనంతా పెరికి పారేశాడు. అందరూ నీళ్ళవైపు తిరిగి పిలిచారు. గొంతులు పోయేదాకా పిలిచారు. మంచు వాళ్ళ పిలుపుల్ని మింగేసింది. దిబ్బవైపు నుంచి నీళ్ళు నాకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. చీకటి పడి, కాలు పెట్టే చోటు కనిపించక, ఏడుస్తూ ఇళ్ళకి వెళ్ళారు.

తెల్లవారగానే అందరూ మళ్ళీ అక్కడికే వచ్చారు. దిబ్బ లేదు. నీళ్ళు కంచె ఉన్న చోటిదాకా వచ్చి ఆగాయి. బురద నిండా అడుగులే. గిట్టలు, పంజాలు, పిట్ట కాళ్ళు. అన్నీ కోనవైపు నుంచి బయలుదేరి తిన్నగా నీళ్ళలోకి పోయాయి.

"అయ్యో, నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయారు!" అని చింతాలు అరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని సోమప్ప తల బాదుకున్నాడు.

తుంగి మాత్రం ఏడవలేదు. ముక్కు నేలకి ఆనించి వాసన చూసింది.

"అత్తా," అంది, "ఇవి వచ్చిన అడుగులు కదా."

అందరూ మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి చూశారు.

మంచులో, చెట్ల నడుమ, వాళ్ళకి వెనకే, మునిగిన అడవి అంతా నిలబడి ఉంది. దుప్పులు, కుందేళ్ళు, కౌజులు. రాత్రంతా అలాగే నిలబడి ఉన్నారు. ఒళ్ళు తడిసి ముద్దయి ఉన్నాయి. ఈ నీళ్ళ ఒడ్డునుంచి చూస్తే వాళ్ళ ముఖాలు కనిపించాలి. కానీ వీళ్ళు తిరిగేలోపే, కొత్తచోటివాళ్ళు ముందుగా చూడకూడదని, వాళ్ళంతా పక్కకి తిరిగి తలలు వంచుకున్నారు. పిలిచేదాకా చూపించరు కదా.

కోన మొత్తం బూరయ్యవైపు చూసింది. ఆయన రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి అనగలిగాడు.

"ఇటు తిరగండమ్మా. ఇటు తిరగండయ్యా. ఇల్లు ఇదే."

ఒక్కొక్కరే తిరిగారు. ముఖాలున్నాయి. అలసిపోయిన మామూలు ముఖాలు. తుంగి వెళ్ళి వాళ్ళమ్మ కాళ్ళ మధ్య దూరింది. నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. ఆ సందడిలో బుడ్డడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, తల ఎత్తి చూసి, వచ్చేస్తున్నాడు.

తుంగి తల్లి అది చూసి తల తిప్పుకుంది. బూరయ్యతో మెల్లగా చెప్పింది. "నిన్న మధ్యాహ్నం అవ్వ తిరిగొచ్చి, దారి మూసేశారు అంది. సాయంత్రం కంప లాగిన చప్పుడు విని, మీరు పోండి అని మమ్మల్ని పంపించింది. తను మాత్రం కదలలేదు. 'ఒకసారి వెళ్ళి నిలబడ్డాను, ఎవరూ పిలవలేదు. మళ్ళీ నిలబడే ఓపిక నాకు లేదు,' అంది."

కంచె ఉన్న చోటి పక్కన, గట్టి మట్టిలో, ముళ్ళపంది జాడలు రెండు వరసలున్నాయి. రేలమ్మ వంగి చూసింది. ఒక వరసలో గీతల మీద అడుగులు పడ్డాయి. అవి ముళ్ళవ్వ వచ్చిన అడుగులు. రెండో వరసలో అడుగుల మీద గీతలు పడ్డాయి. అవి వెళ్ళిన అడుగులు. పాలకోన గడపలోంచి నిజంగా వెళ్ళిన అడుగులు అవి మాత్రమే. వాటి వెనక ఒక ప్రాణం కూడా వెళ్ళింది.

బుడ్డడు బూరయ్య దగ్గరికి వచ్చాడు. "తాతా, మా అవ్వ రాలేదా?"

బూరయ్య వాడి ముందు కూర్చున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"వచ్చింది నాయనా," అన్నాడు. "వచ్చి నిలబడింది. మేమే పిలవలేదు."

రేలమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. "ఆయన ఒక్కడే కాదురా. అందరికంటే దగ్గర ఉన్నది నేనే," అంది.

ఆ తర్వాత పాలకోనలో మళ్ళీ కంచె వేయలేదు. ఉన్నదే తలా కాస్త తిన్నారు. కొన్నాళ్ళు అర్ధాకలి తప్పలేదు, గిల్లికజ్జాలూ తప్పలేదు. రేలమ్మ పొదలో గోగూ తుంగీ ఒకరినొకరు తోసుకుంటూ పెరిగారు. బుడ్డడు బూరయ్య గుహలోనే ఉండిపోయాడు. రోజూ పొద్దువాలగానే బూరయ్య నీటి ఒడ్డుకి వెళ్ళి, మంచులోకి చూస్తూ, "ఇటు తిరుగవ్వా," అని ఒకసారి పిలిచి వచ్చేవాడు. ఎవరూ ఆయన్ని వద్దనలేదు.

చలికాలంలో ఒక పొద్దున బూరయ్య గుహ ముందు మళ్ళీ అడుగులు కనిపించాయి. పెద్ద ముళ్ళపంది అడుగులు. నీటి ఒడ్డుకీ గుహకీ మధ్య తిన్నగా ఉన్నాయి. బూరయ్య వంగి చూశాడు. రేలమ్మ వంగి చూసింది. గీతల మీద అడుగులు పడ్డాయి.

గుహ నోట్లో ఎవరూ లేరు. కొంచెం మంచు ఉంది, అంతే. ఆ రోజు కోనలో ఎవరూ భయపడలేదు, ఎవరూ కళ్ళు మూసుకోలేదు. బుడ్డడు ముందుకు వెళ్ళి, ఆ మంచుతో మెల్లగా అన్నాడు.

"ఇటు తిరుగవ్వా. ఇల్లు ఇదే."

నీతి: గడపలో నిలబడినవాళ్ళ ముఖం కనిపించలేదని భయపడకండి, ముందు పిలవండి. తెలిసిన మంచిమాట పెదవి దాటకపోతే, అది మూసిన తలుపుతో సమానం.